అడంగల్‌కెక్కని అన్నపూర్ణలు

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోతకు దగ్గరపడిన సార్వా (ఖరీఫ్) వరి నీళ్ళపాలైంది. తాతముత్తాతలు నాటిన కొబ్బరి చెట్లు తోటలకు తోటలే నేలకూలాయి. సరిగ్గా వారం తిరిగాక, నవంబరు 13న, రోమ్ నగరంలో ప్రపంచ ఆహార సదస్సు మొదలైంది. మనుషులందరికీ, అన్ని వేళలా, ఆరోగ్యంగా బతకడానికి చాలినంత పోషకాహారం దొరకాలి, దాన్ని కొనుక్కోగల స్తోమత ఉండాలి, అప్పుడే ఆహార భద్రత ఉన్నట్టు అని ఆ సదస్సు నిర్వచించింది. ఆ నిర్వచనాన్నే శాస్త్రజ్ఞులు నాలుగు భాగాలుగా చూస్తారు: తిండి లభ్యత, అది ఇంటికి అందడం, తిన్నది ఒంటికి పట్టడం, ఈ మూడూ ఏడాది పొడవునా నిలకడగా సాగడం.

ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. అయినా కోనసీమను అర్థం చేసుకోవడానికి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎందుకంటే గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న ఈ నేలలో తిండి లభ్యత ఎన్నడూ పెద్ద సమస్య కాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీటితో సార్వా, వీలైనచోట దాళ్వా (రబీ వరి), ఆ తర్వాత మినుమో పెసరో పండుతూనే ఉన్నాయి. కొబ్బరి తోటలో అరటి, కంద, కోకో, పోక సాగుతున్నాయి. చిక్కంతా మిగతా మూడు భాగాల్లోనే వచ్చిపడింది. ధాన్యం పొలం గట్టు దాటి కంచంలోకి, కంచం నుంచి రక్తంలోకి చేరేదాకా జరిగే ప్రయాణంలో ప్రతి మజిలీ స్త్రీ చేతుల మీదుగానే సాగుతుంది. ఆ మజిలీల్లో ఆమెకు అధికారం ఉందా, లేక చాకిరీ మాత్రమే ఉందా అన్నదాన్నిబట్టే ఆ ఇంటి ఆహార భద్రత తేలుతుందని నా నిశ్చితాభిప్రాయం.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 మధ్య జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఆ సర్వే తేల్చింది. అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత 63.2 శాతం, వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31.2 శాతం. దేశానికి అన్నపూర్ణ అని పేరుపడ్డ రాష్ట్రం లెక్కలివి. బియ్యం కొరతతో వచ్చిన జబ్బు కాదిది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. కడుపు నింపే గింజ చాలావరకు ఇంటికి చేరింది. రక్తాన్ని నింపేది మాత్రం చేరలేదు.

ఈ పరిస్థితికి మన తీరంలో ఒక పాత చరిత్ర ఉంది. అది తెలియకుండా ఈ విషయం సగమే అర్థమవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా, బెరిబెరి వ్యాధికి పేరుమోశాయి. కాళ్ళు మొద్దుబారడం, నీరు పట్టడం, గుండె బలహీనపడి హఠాత్తుగా చనిపోవడం దాని లక్షణాలు. 1918లో సర్ రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒకే ఒక గదిలో మొదలుపెట్టిన పరిశోధనకు పేరే ‘బెరిబెరి విచారణ’. ఆ చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే భారతదేశ పోషకాహార శాస్త్రానికి పునాది పడింది మన అన్నం కంచంలో కనిపించిన లోపాన్ని వెతకడానికే.

లోపం గింజలో లేదు, మిల్లులో ఉంది. వరి గింజలో థయమిన్ అనే బి1 విటమిన్ ఎక్కువగా పైపొరలో, మొలకలో ఉంటుంది. రోకలితో దంచినప్పుడు ఊక పోయి, తవుడు కొంత గింజనే అంటిపెట్టుకుంటుంది. మరపట్టినప్పుడు ఆ పొర మొత్తం లేచిపోయి గింజ తెల్లగా మిగులుతుంది. తమిళ దేశంలోనూ కేరళలోనూ ఉప్పుడు బియ్యం తినే అలవాటు వల్ల ఈ బెడద అంతగా రాలేదు. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడు పైపొరలోని థయమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. మనవాళ్ళు తిన్నది పచ్చి బియ్యం. పైగా బియ్యం నాలుగైదుసార్లు కడగడం, గంజి వార్చడం. మిగిలిన కాస్తా ఆ నీళ్ళతో పోయేది. గంజిని పారబొయ్యకుండా తరవాణి కుండలో పోసి పులియబెట్టి, పొద్దున్నే చద్దన్నంలో కలుపుకుని తిన్న పేదింటి ఆడవాళ్ళు తమకు తెలియకుండానే ఆ పోషకాల్ని కొంత కాపాడుకున్నారు. గొప్పింటి తెల్లన్నానికి ఆ భాగ్యం లేదు.

మిల్లుల గురించి ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. వడ్లు దంచడం నడుము విరిగే పని. మిల్లు వచ్చి ఆ చాకిరీ నుంచి స్త్రీని తప్పించింది, అది మేలే. కానీ ఆ రోకలిపోటు ఎందరో పేద స్త్రీలకు బతుకుతెరువు కూడా. దంపిన కూలి కింద వాళ్ళకు బియ్యమో నూకలో తవుడో ముట్టేవి. మిల్లు ఆ కూలిని తీసేసి, లాభాన్ని మిల్లు యజమానికి అప్పగించింది. పోషకాన్ని తీసేసి, జబ్బును ఇంటికి పంపింది. 1970లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసరప్ ఆర్థికాభివృద్ధిలో స్త్రీల పాత్రపై రాసిన గ్రంథంలో యంత్రం వచ్చినచోట పురుషుడు యంత్రం పట్టుకుంటాడనీ, స్త్రీ పని పోగొట్టుకుంటుందనీ చూపించింది. కాలితో తొక్కి వడ్లు దంచే ఢెంకి పోయి మిల్లు వచ్చిన బంగ్లాదేశ్ పల్లెల్లో సరిగ్గా అదే జరిగింది. బోసరప్ చెప్పిన మాట ఈనాటి కోనసీమ పొలానికీ వర్తిస్తుంది.

ఊడ్పుల కాలంలో ఆ పొలం దగ్గరికి వెళ్ళి చూడండి. తెల్లవారుజామున లేచి వంట ముగించి, క్యారేజీ సర్దుకుని, ఏడు గంటలకల్లా ఆడవాళ్ళ ముఠా గట్టు మీద ఉంటుంది. ఆకుమడిలో పీకిన నారు కట్టలు దమ్ము చేసిన చేలో అక్కడక్కడా విసిరి ఉంటాయి. అందరూ వరసగా వంగుతారు. ఎడమ చేతిలో నారుకట్ట. కుడి చేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ కలిపి రెండు మూడు మొక్కలు విడదీసి, వేలి కొసతో బురదలో గుచ్చి, వెంటనే వేళ్ళు వెనక్కి తీసుకుంటారు. లోతుగా దిగితే పిలక రాదు, పైపైన నాటితే నీటికి తేలిపోతుంది. ఆ అంచనా కంటితో కాదు, వేలితో తెలుస్తుంది. అడుగులు వెనక్కే పడతాయి. వాన వస్తే వీపు మీద పట్టా కప్పుకుంటారు గాని నడుము ఎత్తరు, ఎందుకంటే ఒప్పుకున్నది ఎకరం చొప్పున గుత్త. ఇంత నేర్పు ఉన్న పనిని మన లెక్కల్లో నైపుణ్యం లేని శ్రమ అని రాస్తారు.

ఇప్పుడు ఆ పనిరోజులు తరిగిపోతున్నాయి. కూలీలు దొరకడం లేదని, ఖర్చు పెరిగిందని రైతులు వెదజల్లే పద్ధతికి, నాటు యంత్రానికి, కోత యంత్రానికి మళ్ళుతున్నారు. సముద్రం వైపు మండలాల్లో వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకు ఊడ్పు లేదు, కలుపు లేదు, కోత లేదు. పక్క చేనుకు ఉప్పు మాత్రం ఊరుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు కాని ధరలు, పూడిపోయిన మురుగు కాలువలు, పెరిగిన పెట్టుబడి వాళ్ళను ఆ స్థితికి నెట్టాయి. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘం వేసి కారణాలు వెతికింది. 2022లో మళ్ళీ అదే మాట వినిపించింది. ఆ రైతుల బాధ నిజమైనది, న్యాయమైనది. అయితే ఊడ్పులు లేని సార్వా అంటే ఊడ్చే ఆడవాళ్ళకు కూలి లేని సార్వా కూడా. విరామానికి రైతు పేరుంది, ఉద్యమముంది. ఆమె పోగొట్టుకున్న కూలికి పద్దే లేదు.

పద్దు మాట వచ్చింది కాబట్టి భూమి దగ్గరికి వద్దాం. కోనసీమ తల్లి డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, వేళాపాళా లేకుండా వచ్చిన ప్రతి ఆకలికీ అన్నం పెట్టి 1909లో కన్నుమూశారు. ఆమె పేరు పి. గన్నవరం అక్విడెక్టుకు ఉంది, 2024 నుంచి రాష్ట్రంలోని బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఉంది. ఇంతకన్నా తగిన గౌరవం లేదు. కానీ వడ్డించే చేతిని మనం ఎంతగా కొలిచామో, పండించే చేతిని అంతగా నమోదు చెయ్యలేదు. ఊరి సాగు పద్దు అయిన అడంగల్‌లో సాగుదారు గడి ఒకటుంది. చాలా ఊళ్ళలో ఆ గడిలో ఉండేది భర్త పేరో మామ పేరో.

చట్టం వైపునుంచి చూస్తే తెలుగు స్త్రీ దేశానికే దారి చూపింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించేట్టు, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అలాంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. 2015–16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో స్త్రీల వాటా దాదాపు 14 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది ఆ సగటు కన్నా బాగా ఎక్కువ. అయినా సంబరపడడానికి లేదు. కూతురి వాటాను కట్నం కింద లెక్కగట్టి కాగితం మీద సంతకం చేయించుకునే ఆనవాయితీ ఇంకా పోలేదు. పాసుపుస్తకంలో పేరున్నా ఏ పంట వెయ్యాలో, ధాన్యం ఎప్పుడు అమ్మాలో ఆమెను అడగని ఇళ్ళు ఎన్నో.

గోదావరి జిల్లాల్లో అసలు సాగు ఎక్కువగా కౌలుదారులది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంతో కౌలు రైతుకు ఒక కార్డు ఇస్తుంది. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం రావాలి. కానీ భూయజమాని సంతకం లేనిదే కార్డు రాదు, సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు దొరికిన కొద్ది ఇళ్ళలోనూ అది మగవాడి పేరు మీదే రావడం పరిపాటి. గోదావరికి వరదొచ్చి లంక చేను మునిగితే పరిహారం ఈ-పంట అనే ఆన్‌లైన్ సాగు నమోదులో ఎవరి పేరుంటే వాళ్ళ ఖాతాలో పడుతుంది. చేను దున్నించింది, నాటింది, కలుపు తీసింది ఆమె అయినా సరే.

ఎవరి చేతిలో ఏముందన్నది పంట మీదా పిల్లల మీదా నిజంగా ప్రభావం చూపుతుందా? చూపుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. క్రిస్టఫర్ ఉడ్రీ అనే ఆర్థికవేత్త 1996లో ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో గురించి ఒక అధ్యయనం ప్రచురించాడు. ఒకే ఇంట్లో, ఒకే ఏడాది, ఒకే పంట వేసిన చెక్కల్ని పోల్చి చూస్తే భార్య సాగు చేసే చెక్కలో దిగుబడి భర్త చెక్క కన్నా దాదాపు 30 శాతం తక్కువ. ఆమె చేతకానితనం వల్ల కాదు. పశువుల ఎరువూ కూలి మనుషులూ ముందు ఆయన చెక్కకే వెళ్ళేవి. ఆ ఎరువునూ శ్రమనూ సమంగా పంచితే చాలు, కొత్తగా పైసా పెట్టకుండానే ఇంటి పంట సుమారు 6 శాతం పెరుగుతుందని లెక్క తేలింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో ఇదే వాదాన్ని ప్రపంచ స్థాయిలో పెట్టింది: పురుషులతో సమానంగా వనరులు అందితే స్త్రీల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగవచ్చు, ఆకలితో ఉన్నవాళ్ళ సంఖ్య 12 నుంచి 17 శాతం తగ్గవచ్చు. 1970–95 మధ్య వర్ధమాన దేశాల్లో పిల్లల పోషకాహార లోపం తగ్గడంలో 43 శాతం వాటా తల్లుల చదువుదేనని లీసా స్మిత్, లారెన్స్ హడాడ్ 2000లో తేల్చారు. తిండి ఉత్పత్తి పెరగడం వల్ల వచ్చిన వాటా 26 శాతమే. పిల్లల్ని బతికించడంలో ధాన్యం గాదె కన్నా తల్లి చదువుదే పెద్ద చెయ్యి అన్నమాట.

సాధికారత అనే మాటను ఊరికే ఉపన్యాసాల్లో వాడకుండా కొలవడానికి 2012లో ఒక సూచిక తయారైంది. అయిదు విషయాలు అడుగుతుంది: ఏ పంట, ఎలా అనే నిర్ణయంలో ఆమె పాలెంత, భూమి, పశువులు, అప్పు వంటి వనరులు ఆమెవేనా, వచ్చిన డబ్బు ఖర్చు మీద ఆమె మాట చెల్లుతుందా, సంఘంలో, సభలో నోరు విప్పగలదా, ఆమె కాలం ఆమెదేనా. చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. కూలీ, ఇంటి పనీ కలిపి రోజుకు పదిన్నర గంటలు దాటితే ఆ సూచిక లెక్కలో ఆమె కాలపు పేదరికంలో ఉన్నట్టే. ఊడ్పుల కాలంలో కోనసీమ కూలి స్త్రీ మధ్యాహ్నానికే ఆ గీతకు చేరువవుతుంది. సాయంత్రం గేదెకు గడ్డి, నీళ్ళు, రాత్రి వంట ఇంకా మిగిలే ఉంటాయి. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మనలాగే వరి డెల్టా అయిన బంగ్లాదేశ్‌లో ఈ సూచికతో చేసి 2014లో వెలువరించిన అధ్యయనం, స్త్రీకి అధికారం పెరిగిన ఇళ్ళలో తిండి పరిమాణమే కాదు, రకాలు కూడా పెరుగుతున్నాయని చెప్పింది.

తిండిలో ఎన్ని రకాలున్నాయన్న దగ్గరే రక్తహీనత ముడి విప్పాలి. తోటకూర, మునగాకు, గోంగూర, బచ్చలి, పొన్నగంటి కోనసీమ పెరట్లో నీళ్ళు చల్లితే వచ్చేవే. ఆకుకూరలో ఉన్న ఇనుము మాత్రం మాంసంలోని ఇనుములా సులువుగా ఒంటికి పట్టదు. పక్కన నిమ్మరసమో ఉసిరో జామపండో ఉంటే అందులోని విటమిన్ సి వల్ల బాగా పడుతుంది; భోజనం అవుతూనే టీ తాగితే ఇంకా తగ్గిపోతుంది. చెప్పుల్లేకుండా తడి మట్టిలో తిరిగే కాళ్ళ గుండా కొంకిపురుగు ఒంట్లోకి చేరి పేగుల్లో రక్తం పీలుస్తుంది. అప్పుడు ఎంత తిన్నా లెక్క కుదరదు. ఆఖర్న తినే అలవాటు వీటన్నిటి మీదా మరో భారం. చేపముక్క, గుడ్డు, పప్పు గరిట మగవాళ్ళకూ పిల్లలకూ అయ్యాక గిన్నెలో మిగిలేది ఎక్కువగా అన్నం, చారు. ఏ పథకమూ గిన్నె అడుగున ఏముందో చూడదు.

కాబట్టి పెరడు చిన్న విషయం కాదు. ఆమె ఎవరి అనుమతీ అడగనవసరం లేని ఒకే ఒక్క సాగుభూమి అది. ఆనప పాదు, చిక్కుడు పందిరి, కంద గుంట, అరటి పిలక, మునగ చెట్టు, నాలుగు కోళ్ళు: వీటి రాబడి అంగడికి పోయేలోపే ఇంట్లో పిల్లల కంచంలోకి వెళ్తుంది. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన సమాజ ఆధారిత ప్రకృతి వ్యవసాయం ఈ పెరటి నుంచే బలం తెచ్చుకుంది. జీవామృతం, ఘనజీవామృతం తయారీ, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పడం, పోషక తోటలు వెయ్యడం, ఇవన్నీ మహిళా సంఘాల ద్వారానే ఊరూరా నడుస్తున్నాయి. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. రసాయనాలు మానిన మొదటి ఏళ్ళలో దిగుబడి గురించి రైతులకున్న భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. అయినా అప్పు తగ్గడం, కంచంలో రకాలు పెరగడం అనే రెండు లాభాలు ముందుగా అర్థమయ్యేది ఇంటి ఆడమనిషికే.

సంఘాల బలం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళ తెగువ నుంచి పొదుపు ఉద్యమం ఊపందుకుంది. అక్కడి నుంచి డ్వాక్రా, వెలుగు దాకా వచ్చిన దారి పొడవునా వాళ్ళు అప్పు తీర్చడంలో నిజాయితీని నిరూపించుకున్నారు. అయితే పొదుపు దగ్గర ఆగిన ఆ శక్తి సాగులోకి పూర్తిగా దిగలేదు. జహీరాబాదు ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, సొంత విత్తన నిధులు పెట్టుకుని, జొన్నలతో తమ సొంత ఆహార పంపిణీ నడిపాయి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మెట్టలో సాధ్యమైంది డెల్టాలో ఎందుకు కాదు? కేరళలో కుటుంబశ్రీ స్త్రీలు గుంపులుగా భూమి కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నారు. బీనా అగర్వాల్ పరిశీలనలో వాళ్ళ ఎకరా రాబడి విడివిడి కుటుంబాల సాగును మించింది.

కోనసీమలో ఇప్పుడే మొదలుపెట్టదగిన పనులు కొన్ని ఉన్నాయి. నాటు యంత్రం రాకను ఆపలేం, ఆపనూ కూడదు; ఆ యంత్రం గ్రామ సమాఖ్య సొత్తు కావాలి, నడిపేది ఊడ్పు ముఠాలోని ఆడపిల్లలు కావాలి, బాడుగ వాళ్ళకు ముట్టాలి. రోకలి నాటి అన్యాయం రెండోసారి జరగకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. ఇంటి పరిశ్రమల సంగతీ ఇంతే. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరచి లాగితే క్షణాల్లో రేకు లేస్తుంది. గంటల తరబడి ఆ సెగలో కూర్చునేది స్త్రీలే. గుర్తింపు వల్ల పెరిగిన ధరలో ఆ పొయ్యి ముందు కూర్చున్న చేతికి ఎంత చేరుతోందో పంచాయతీ స్థాయిలోనే లెక్క తియ్యాలి. అంబాజీపేట కొబ్బరి అంగడి చుట్టూ పీచు తాళ్ళు, ఈనె చీపుర్లు చేసే స్త్రీల విషయంలోనూ అంతే.

అన్నిటికన్నా ముందు కాగితం. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డుకు ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెనే గుర్తించింది. బియ్యం తెచ్చుకోవడానికి ఇంటి యజమానురాలైన మనిషి వడ్లు పండించడానికి యజమానురాలు కాకుండా ఎలా పోతుంది? కౌలు కార్డు మీద, ఈ-పంట నమోదులో, ధాన్యం అమ్మిన రసీదులో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయడానికి కొత్త పథకం అక్కర్లేదు, కోట్ల ఖర్చూ లేదు. రైతు సేవా కేంద్రంలో నమోదు చేసే ఉద్యోగి చేను దగ్గరికి వచ్చినప్పుడు, ఈ చేను ఎవరు చేస్తున్నారని ఆమెను కూడా అడిగి, చెప్పిన పేరు రాసుకుంటే చాలు. వచ్చే సార్వా నమోదుకు ఆ పని అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు చోట్లా మొదలుపెట్టవచ్చు.